ఆ ధ్యాస

ఆడవాళ్ళ ఆసుపత్రిలో సిస్టరమ్మ రోజూ అడిగే ప్రశ్నలు చాలానే ఉన్నాయి. ఆకలి వేస్తోందా, నిద్ర పడుతోందా, నొప్పి ఎక్కడైనా ఉందా, మందులు వేళకి వేసుకుంటున్నారా. వీటికి జవాబులు చకచకా వచ్చేస్తాయి. నిద్ర పడుతోందా అని అడిగితే అత్తగారి గురక దాకా చెప్పుకుపోయేవాళ్ళున్నారు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంత వాగుడుకాయ నోటికైనా తాళం పడుతుంది.

పాత డాక్టరుగారి కాలంలో ఆ ప్రశ్న లేదు. కోసి కుట్టడంతో తన పని అయిపోయిందని ఆయన నమ్మకం. తర్వాత వచ్చిన డాక్టరమ్మ చిన్నది, సిస్టరమ్మ కూతురి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మంచిపిల్ల, చెయ్యి కూడా మంచిది. గర్భసంచి తీసేసినవాళ్ళనీ, నెలసరి ఆగిపోయినవాళ్ళనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొహంలోకి సూటిగా చూస్తూ, "లైంగిక వాంఛ ఎలా ఉందమ్మా?" అని అడిగేది. ఆ మాట వినగానే వాళ్ళు పాఠంలో లేని ప్రశ్న పడ్డ పిల్లల్లా గోడకేసి చూసేవారు. ఒక ముసలావిడ అయితే, "నాకు ఆ మందు రాయలేదమ్మా ఎవరూ" అంది. డాక్టరమ్మ విసిగిపోయి, "సిస్టర్, ఇది మీరే అడగండి. నేనడిగితే చెప్పట్లేదు" అని ఆ పని ఈవిడ నెత్తిన పెట్టింది.

పెట్టింది గానీ, ఈవిడ దగ్గర మాత్రం మాటలేమైనా మూటకట్టి ఉన్నాయా? కోరిక అందామంటే, అది మర్యాదైన మాటే. కాకపోతే మీకు కోరికలున్నాయా అని అడిగితే సొంత ఇల్లు దగ్గర మొదలుపెట్టి కొడుకు ఉద్యోగం దాకా చెప్పుకొస్తారు. మోజు అంటే మగవాళ్ళకి పరాయి ఆడవాళ్ళ మీదా, కుర్రాళ్ళకి బండ్ల మీదా ఉండేది. కట్టుకున్న మొగుడి మీద మోజుగా ఉందని ఒప్పుకున్న ఇల్లాలు ఇంతవరకూ పుట్టలేదు. కామం అన్నది పెద్దవాళ్ళు ఉపన్యాసాల్లో తిట్టడానికి దాచుకున్న మాట. పేపర్లో ఆ మాట కనిపించిందంటే దాని పక్కన ఎవణ్ణో ఒకణ్ణి పోలీసులు పట్టుకుపోతూ ఉంటారు. తాపం పాటల్లో బాగుంటుంది, ఆసుపత్రిలో అడిగితే జ్వరం చూడమని నాలుక కింద గొట్టం పెట్టించుకుంటారు.

ఇక మిగిలింది యావ. తిండి యావ, డబ్బు యావ అంటారు. ముందు ఏమీ చేర్చకుండా ఒట్టి "ఆ యావ" అంటే మాత్రం ఒకటే అర్థం. ఈ మాటలో తమాషా ఏమిటంటే, దీన్ని ఎవరూ తమ గురించి చెప్పుకోరు. నాకు యావగా ఉంది అన్న మనిషిని సిస్టరమ్మ చూడలేదు. అది ఎప్పుడూ ఎదుటివాళ్ళకే ఉంటుంది, ఎప్పుడూ ఉండవలసినదానికన్నా ఎక్కువే ఉంటుంది. ఆ మాట సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఎందుకు తెలుసో తర్వాత చెప్పుకుందాం.

ఆలోచించి ఆలోచించి చివరికి ఆవిడ పట్టుకున్న మాట ధ్యాస. చదువు మీద ధ్యాస, పని మీద ధ్యాస, ఎవరికీ తప్పుగా తోచని మాట. "ఆ ధ్యాస ఉందా?" అని, ముందున్న "ఆ" మీద కాస్త బరువు పెడితే చాలు, ఎంత అమాయకురాలికైనా అర్థమవుతుంది. అర్థం కానట్టు ఉండాలనుకునేవాళ్ళకి దారి కూడా ఉంటుంది.

మాట దొరికితే సరిపోదు, అడిగే తీరు కూడా ఉండాలి. మొహంలోకి చూసి అడిగితే ఏ ఆడదీ చెప్పదు. అందుకని బీపీ చూసే పట్టీ చేతికి చుట్టి, బుడగ నొక్కుతూ, ముల్లు మీద చూపు ఉంచి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగేది. చేతులు పనిలో ఉండాలి, చూపు ఇంకెక్కడో ఉండాలి. ఈ కిటుకు ఆవిడకి ఎవరూ నేర్పలేదు, ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

అంత చేసినా వచ్చే జవాబు ఒక్కటే. "ఇంకా ఏం ధ్యాస సిస్టర్, ఇంట్లోకి కోడలొచ్చింది." "ఆయనకే లేదు, నాకెందుకుంటుంది." "చాకిరీతోనే సరిపోతోంది తల్లీ, ఆ ధ్యాసొకటా." ఎన్ని రకాలుగా చెప్పినా తేలేది లేదు అనే. ఆవిడ లోపలికి వెళ్ళి, "లేదటండీ" అని డాక్టరమ్మకి చేరవేసేది. ఒకరోజు భోజనాల దగ్గర మొగుడితో కూడా అంది. "ఇన్నాళ్ళ నుంచి ఇంతమందిని అడుగుతున్నాను. ఒక్కరికీ లేదట. అందరూ లేదనే అంటారు." ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా "అలాగా" అన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. డిపోలోంచి తెల్లవారుజామున బయటికొచ్చే మొదటి బండి ఎన్నో ఏళ్ళుగా ఆయనదే. మాటకారి కాదు. రోజంతా హారన్లూ, కండక్టరు కేకలూ, దిగాల్సిన చోట దిగకుండా ముందుకెళ్ళి డ్రైవర్ని తిట్టేవాళ్ళ తిట్లూ విని విని, ఇంటికొచ్చాక నోరు మూసుకుని కూర్చోవడమే ఆయనకి విశ్రాంతి. పెళ్ళైన కొత్తలో ఈవిడకి సాయంత్రం డ్యూటీ పడితే, ఆసుపత్రి గేటు ముందు నుంచి బస్సు పోతూ రెండుసార్లు హారన్ కొట్టేవాడు. వార్డులో సిస్టర్లందరూ ఒకరి భుజం ఒకరు పొడుచుకుని నవ్వేవారు. ఈవిడ చేతిలో ఉన్న దూది కింద పడేది. ఆ రెండు హారన్లకీ అర్థమేమిటో వార్డు మొత్తానికీ తెలుసు, పేషెంట్లతో సహా.

అదంతా పాత మాట. ఇప్పుడు చెప్పుకోవాల్సింది ఒక ఆదివారం మధ్యాహ్నం సంగతి. అప్పటికి ఈ డాక్టరమ్మ ఇంకా రాలేదు, కూతురు స్కూలు చివరి ఏడు చదువుతోంది. ఆ మధ్యాహ్నం స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఆయన వరసగా డబుల్ డ్యూటీలు చేసి, తినీ తినకుండా మంచం మీద పడ్డాడు. సిస్టరమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ పక్కన ఒరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. కిటికీలోంచి గాలి వస్తోంది. ఎన్నాళ్ళైందో అనిపించింది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసింది.

ఆయన కళ్ళు తెరవలేదు. "ఈ వయసులో ఇదేం యావే" అని అటు తిరిగాడు. అంతే. కొట్టలేదు, కసరలేదు. వెంటనే గురక కూడా వచ్చేసింది.

నలభై దాటిన మనిషి ఆవిడ. రోజూ పదిమంది ఒళ్ళు తుడిచి, కుట్లు శుభ్రం చేసి, పురుళ్ళు పోసే మనిషి. ఒంటి సంగతుల్లో ఆవిడకి కొత్తా లేదు, అసహ్యమూ లేదు. అలాంటిది ఆ ఒక్క మాటకి సిగ్గుతో చచ్చిపోయింది. వెనక్కి తీసుకున్న చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల కింద పెట్టుకుని పడుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అసలు నోరు జారినవాడికి ఆ సంగతి తెలిస్తే కదా తీసుకోవడానికి.

ఆ వారంలోనే పిల్ల పరీక్షలని చెప్పి, దిండు చంకన పెట్టుకుని కూతురి గదిలోకి మారింది. చదువుకునే పిల్లకి తోడుండాలి, మధ్యలో పాలు కలిపి ఇవ్వాలి, కారణాలకేం తక్కువ. పరీక్షలు అయిపోయాయి. కాలేజీలో ఇంకా పెద్ద పరీక్షలు వచ్చాయి, అవీ అయిపోయాయి. పిల్లకి ఉద్యోగం వచ్చింది, పెళ్ళైంది, వేరే ఊళ్ళో కాపురం పెట్టింది. దిండు మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది. చుట్టాలెవరైనా ఆరా తీస్తే, "ఆయన చీకటితో లేస్తారు, ఆ అలారం మోతకి నాకు నిద్ర పాడవుతుంది" అని చెప్పేది. ఆయనా అదే చెప్పేవాడు. ఇద్దరూ కూడబలుక్కోకుండానే ఒకే అబద్ధం మీద నిలబడ్డారు.

తిరిగి వెళ్ళాలని లేదా అంటే, ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. అవతల ఆయన దగ్గితే వినిపిస్తుంది. మంచం కిర్రుమంటే ఆయన లేచాడా, పక్కకి తిరిగాడా అన్నది చెప్పగలదు. ఒక్కసారి పిలిస్తే వెళ్ళిపోయేది. ఆయన పిలవలేదు. తనే వెళ్దామంటే ఆ మాట గుమ్మానికి అడ్డంగా పడుకున్న కుక్కలా అక్కడే ఉంది, దాటుకుని పోవడానికి కాళ్ళు రాలేదు. కోపం ఉందా అంటే అదీ ఉంది. కాకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ కోపానికి కూడా ఓపిక తగ్గింది. ఇంటి పని, ఆసుపత్రి పని, కాళ్ళ నొప్పులు, వీటి మధ్య రోజు వెళ్ళిపోయేది.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. మొన్న కూతురు ఫోన్లో నవ్వుతూ, "ఇక నాన్నకి అలారం ఉండదుగా అమ్మా, నా గది నాకిచ్చెయ్. మేమొచ్చినప్పుడు పిల్లాడితో అక్కడ పడుకుంటాం" అంది. సిస్టరమ్మ "అలాగేలే" అని ఫోన్ పెట్టేసి, చాలాసేపు ఆ గదిలోనే కూర్చుంది. అలారం పోతే అబద్ధం కూడా పోతుంది. ఆ తర్వాత రెండు గదుల్లో ఎందుకు పడుకుంటున్నారో ఎవరికైనా ఏం చెప్పాలి? అసలు తమకి తాము ఏం చెప్పుకోవాలి? దిండు తనంతట తను తీసుకెళ్ళి ఆ మంచం మీద పెట్టాక, ఆయన మళ్ళీ అటు తిరిగి పడుకుంటే? ఈసారి ఆ మాట అననక్కర్లేదు, అటు తిరిగితే చాలు. ఆవిడ దాన్ని తట్టుకోలేదు.

ఇలాంటి రోజుల్లోనే బేకరీ ఆయన పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు.

ఆయన్ని ఆ వీధిలో ఎరగనివాళ్ళు లేరు. ఎంత కడుక్కున్నా చెవుల వెనక పిండి తెల్లగా ఉండిపోతుంది. పెళ్ళానికి ఏళ్ళ తరబడి రక్తం పోయి పోయి, మనిషి పాలిపోతే, కొన్ని నెలల కిందట డాక్టరమ్మే గర్భసంచి తీసేసింది. ఆపరేషనైన రోజు ఈయన వార్డు బయట నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరికీ రొట్టెలు పంచాడు. అలాంటివాడు ఇవాళ పెళ్ళాన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, సిస్టరమ్మ బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సిస్టరమ్మా, ఆపరేషన్లో ఏదో తేడా జరిగిందండీ."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "ఏమైంది? చీము పట్టిందా? మళ్ళీ రక్తం పోతోందా?"

"అబ్బే, అవన్నీ బాగానే ఉన్నాయి. మనిషి బ్రహ్మాండంగా ఉంది."

"మరి తేడా అంటావేంటి బాబూ?"

ఆయన అటూ ఇటూ చూశాడు. గోళ్ళలో ఎండిన పిండి గీక్కున్నాడు. "ముందు లేదండీ. ఇప్పుడొచ్చింది."

"ఏమొచ్చింది?"

"యావ" అన్నాడు, ఇంకా గొంతు తగ్గించి. "లోపల ఏదో నరానికి ఏదో నరం కలిపి కుట్టేసి ఉంటారు. ఒక్కసారి విప్పి చూడమనండి డాక్టరమ్మని."

వేరే రోజైతే సిస్టరమ్మకి నవ్వు ఆగేది కాదు. గదిలోకెళ్ళి గోడకి ఆనుకుని మరీ నవ్వి ఉండేది. ఇవాళ ఆ మాట పరాయి మగవాడి నోట, అంత మామూలుగా వినేసరికి నోరు చేదైంది. డాక్టరమ్మ ఆపరేషన్ థియేటర్లో ఉంది. ఆయన్ని బయటే ఉండమని, బేకరీ ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. చేతికి పట్టీ చుట్టింది.

"ఆకలి వేస్తోందా?"

"బాగా వేస్తోంది సిస్టర్."

"నిద్ర?"

"పడుకుంటే పట్టేస్తోంది."

"నొప్పులేమైనా?"

"లేవు. పొద్దున లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంటోంది. నా ఒళ్ళేనా అనిపిస్తోంది."

సిస్టరమ్మ ముల్లు మీద చూపు పెట్టి బుడగ నొక్కింది. అలవాటుగా, ఏదో గుర్తొచ్చినట్టుగా, "ఆ ధ్యాస ఉందా?" అంది.

"ఉంది."

బుడగ నొక్కుతున్న చెయ్యి ఆగిపోయింది. ముల్లు దానంతటదే జారి కిందికి వచ్చేసింది. మళ్ళీ మొదటి నుంచి గాలి కొట్టాల్సి వచ్చింది. ఇంతమందిని అడిగితే ఇంతవరకూ ఎవరి నోటా రాని జవాబు. అది చెప్పిన మనిషి తల వంచుకుని, ఒళ్ళో సంచీ పట్టుకుని, తప్పు చేసి పట్టుబడినట్టు కూర్చుంది.

"అందుకే వచ్చాను సిస్టర్" అంది బేకరీ ఆవిడ. "అది తగ్గడానికి మాత్ర ఇవ్వండి."

"తగ్గడానికా?"

"రక్తం పోయినన్నాళ్ళూ ఎవరైనా ముట్టుకుంటేనే భయమేసేది. ఆయన పాపం ఒక్క మాట అనలేదు, పొయ్యి దగ్గరే పడుకునేవాడు. ఇప్పుడు బాగైంది కదా అని నేనే దగ్గరికెళ్ళాను. ఇదేం యావ, డాక్టరుకి చూపించుకో అన్నాడు. మొదటిసారి నవ్వులాటకి అన్నాడనుకున్నాను. రెండోసారి కూడా అదే అన్నాడు. నిజంగా రోగమేనేమో సిస్టర్. ఏ మందైనా ఇచ్చెయ్యండి. ఆ మాట ఇంకోసారి పడలేను."

బయట బెంచీల మీద జనం నిండి ఉన్నారు. పొద్దుటి నుంచి నిలబడి సిస్టరమ్మ పిక్కలు లాగేస్తున్నాయి. సొరుగులో ఎర్రటి బలం మాత్రలున్నాయి. మొగుళ్ళు ఇదే ఫిర్యాదుతో తీసుకొచ్చిన ఆడవాళ్ళకి పాత డాక్టరుగారు అవే ఇచ్చేవాడు. పడుకునే ముందు ఒకటి వేసుకోమ్మా, తగ్గిపోతుంది అనేవాడు. నిజంగానే తగ్గిపోయేది. మందు తీసుకున్న ఆడది మళ్ళీ దగ్గరికి వెళ్ళదు, వెళ్ళకపోతే ఆ మాట పడక్కర్లేదు. తగ్గడమంటే అంతే. ఇస్తే ఈవిడకి ఊరట, ఆయనకి ఊరట, బయట కూర్చున్నవాళ్ళకి కాస్త తొందరగా పిలుపు. ఎవరికీ నష్టం లేదు. సిస్టరమ్మ సొరుగు తెరిచి, మాత్రల అట్ట తీసి, కత్తెరతో సగానికి కత్తిరించింది.

"మీకెలా తగ్గింది సిస్టర్?" అని అడిగింది బేకరీ ఆవిడ. అందులో వెటకారం లేదు. పక్కింటావిణ్ణి వాళ్ళ పిల్లాడి దగ్గు ఎలా తగ్గిందని అడిగినట్టే అడిగింది. "మీరు నాకంటే పెద్దవారు కదా. ఏదైనా వాడారా, దానంతటదే పోయిందా?"

అందరు ఆడవాళ్ళూ తనకి చెప్పిన మాటే సిస్టరమ్మ ఇప్పుడు చెప్పాలి. ఇంకా ఏం ధ్యాసమ్మా, కూతురి పెళ్ళైపోయింది, అనాలి. నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"మందేం వాడలేదు" అంది చివరికి. "గది మారాను."

బేకరీ ఆవిడ తల ఎత్తి చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తగ్గిందా మరి?"

"లేదు" అంది సిస్టరమ్మ. అని, మాత్రల అట్ట రెండు ముక్కలూ మళ్ళీ సొరుగులో పడేసింది.

డాక్టరమ్మ థియేటర్ నుంచి వచ్చాక సిస్టరమ్మ సంగతి చెప్పింది. బేకరీ ఆయన్ని కూడా లోపలికి పిలిచారు. డాక్టరమ్మ నవ్వలేదు, అది ఆ పిల్ల మంచితనం. ఇన్నాళ్ళూ రక్తం పోయి ఒంట్లో సత్తువ లేదనీ, నొప్పి భయంతో ఏదీ మనసుకి పట్టలేదనీ, ఇప్పుడు ఒళ్ళు కోలుకుందనీ, ఏ నరమూ ఎక్కడా కలపలేదనీ ఓపిగ్గా చెప్పింది. ఆయన అంతా విని, "అయితే ఇది ఎన్నాళ్ళుంటుందండీ?" అన్నాడు.

"ఆరోగ్యం ఉన్నన్నాళ్ళు ఉంటుంది."

ఆ మనిషి మొహంలో రంగు పోయింది. బయటికొచ్చాక పెళ్ళాం మందుల కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆయన వరండాలో స్తంభానికి ఆనుకుని, సిస్టరమ్మ అటు రాగానే మెల్లగా అన్నాడు. "తెల్లారకముందు నుంచీ పొయ్యి దగ్గర నిలబడతానండీ. మధ్యాహ్నానికి ఈ కాళ్ళు నావి కావు. ఆవిడ దగ్గరికొస్తే నాకు భయమేస్తుంది. చేతకాదేమోనని. చేతకాదని పెళ్ళానికి ఎలా చెప్పుకుంటాం సిస్టరమ్మా? ఆ మాట అనేస్తే ఆవిడే వెనక్కి పోతుంది కదా అని."

సిస్టరమ్మకి ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో ఆ క్షణంలో ఆవిడకే తెలియదు. "పోతుంది బాబూ. పోతే మళ్ళీ రాదు. ఆవిడ రాదు, నువ్వు పిలవవు, ఇక అంతే. ఓపిక లేకపోతే లేదని చెప్పు, అలిసిపోయానని చెప్పు. అది తప్పేం కాదు. నీకు లేనిదానికి ఆవిడకి రోగం అంటగట్టకు."

"అలా చెప్పొచ్చంటారా?" అన్నాడు ఆయన, నిజంగానే తెలియనట్టు. జవాబు కోసం ఆగలేదు. పెళ్ళాం రాగానే ఆవిడ చేతిలో సంచీ తీసుకుని ముందు నడిచాడు. గేటు దాటాక ఆగి, ఆవిడ పక్కకి వచ్చేదాకా నిలబడ్డాడు. ఏం మాట్లాడుకున్నారో ఇక్కడికి వినిపించలేదు. సిస్టరమ్మ తర్వాతి పేరు పిలిచింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన ముందు గదిలో కింద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ దిగి స్నానం చేసినట్టున్నాడు. ఒళ్ళో ఆవిడ గొడుగు ఉంది. ఊడిపోయిన ఊచకి గుడ్డ పట్టించి సూదితో కుడుతున్నాడు. నడుముకి వెనక దిండు పెట్టుకున్నాడు.

"టీ పెట్టాను. చల్లారిపోయి ఉంటుంది" అన్నాడు.

ఆవిడ టీ దగ్గరికి వెళ్ళలేదు. చెప్పులు విప్పి, ఆయనకి ఎదురుగా గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుంది. పొద్దుటి నుంచి ఆ బేకరీ మనిషి మాటలే చెవిలో తిరుగుతున్నాయి. ఆ ఆదివారం ఈయన కూడా డబుల్ డ్యూటీలు చేసి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ ఒక్క సంగతి తను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

"ఒకటి అడుగుతాను" అంది.

"అడుగు."

"పిల్ల స్కూల్లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం, మీరు నన్నొక మాట అన్నారు."

"ఏమన్నాను?"

ఊళ్ళో ఆడవాళ్ళందరి ఒంటి సంగతులూ అడిగే మనిషి ఆ రెండక్షరాలు పలకడానికి చూపు గొడుగు మీదికి దించుకుంది. "ఈ వయసులో ఇదేం యావే అన్నారు."

ఆయన సూది ఆపాడు. "నేనా?"

"మీరే."

"ఎందుకన్నాను?"

"చెయ్యి వేశానని."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఏ రోజు, ఏ రూటు, ఏ బండి అని వెతుక్కుంటున్నట్టు కళ్ళు చికిలించాడు. "గుర్తు లేదే" అన్నాడు. అబద్ధం కాదు. ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, అది ఆవిడకి తెలుసు. ఇప్పుడు ఎర్రబడలేదు.

అక్కడ ఆవిడకి వచ్చిన దుఃఖం ఇంతా అంతా కాదు. ఆయన కావాలని అని ఉంటే, గుర్తుంచుకుని ఉంటే, ఇన్నేళ్ళ పంతానికి ఒక అర్థముండేది. నిద్రలో అనేసి, లేచేసరికి మర్చిపోయాడు. అంత చిన్న మాట పట్టుకుని తను ఆ గోడ పక్కన ముసలిదైపోయింది.

"ఆ మాటకే నేను గది మారాను" అంది. కన్నీళ్ళు తుడుచుకోలేదు.

"పరీక్షలకని మారావుగా?"

"పరీక్షలయ్యాక?"

ఆయన గొడుగు వైపు చూశాడు. "వస్తావని చూశాను. నీ వైపు మంచం అలాగే ఉంచాను. ఇప్పటికీ అటు పడుకోను."

అది నిజమే. ఇన్నేళ్ళూ ఆ మంచం ఒక పక్కే కిర్రుమనేది. గోడ ఇవతల పడుకుని ఆ చప్పుడు వింటూ కూడా, రెండో పక్క ఎందుకు కిర్రుమనదో ఆవిడ ఒక్కనాడూ ఆలోచించలేదు.

"పిలవొచ్చుగా."

"పిలుద్దామనే అనుకున్నాను. నాకేమో అలాంటి మాటలు రావు. ఇవాళ కాదు రేపని నానబెట్టాను. ఇంతలో నువ్వే చెప్పావుగా."

"నేనేం చెప్పాను?"

"భోజనం చేస్తుంటే. ఇంతమందిని అడిగాను, ఒక్కరికీ లేదు, అందరూ లేదనే అంటారు అన్నావు. నాకే చెప్తున్నావనుకున్నాను. ఇంకెందుకు అడగడం, నువ్వూ లేదనే అంటావు కదా అని ఊరుకున్నాను."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఊరంతటినీ అడగడమే ఉద్యోగంగా బతుకుతూ, తన ఇంట్లో తను అడగలేదు, ఆయన అడగలేదు. ఆ "లేదు"లో ఎంత నిజముందో తనకి తెలుసు, ఆయనకెలా తెలుస్తుంది? వీధిలోంచి బస్సు పోతే కిటికీ రెక్క అదిరింది.

ఆయన మళ్ళీ సూది తీసుకున్నాడు. ఊచ చివర గుడ్డ మడిచి, దారం లాగి, చూపు ఆ ముడి మీదే ఉంచి, ఏదో గుర్తొచ్చినట్టుగా అన్నాడు.

"మరి, నీకు ఆ ధ్యాస ఉందా?"

ఆవిడ కిటుకు ఆయనకెవరూ చెప్పలేదు. సిగ్గుపడే మనుషులు అడగాల్సివస్తే అందరూ అలాగే అడుగుతారు కాబోలు. లేదు అన్న మాట ఆవిడ నాలుక చివరికి వచ్చేసింది. ఎంతమంది నోట వినీ వినీ అరిగిపోయిన మాట, మర్యాదైన మాట. దాన్ని మింగింది.

"ఉంది" అంది. "ఇన్నేళ్ళూ ఉంది."

ముడి వేస్తున్న ఆయన చేతులు ఆగిపోయాయి. సూదిని గొడుగు గుడ్డకి గుచ్చి, గొడుగు పక్కన పెట్టాడు.

"నా నడుం సంగతి తెలుసుగా" అన్నాడు. "ఓపిక ఎంత మిగిలిందో నాకే తెలియదు."

"నాకు మాత్రం ఎక్కడుంది" అంది ఆవిడ, పిక్కలు నొక్కుకుంటూ.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. నడుం నిలబడేదాకా ఒక్క క్షణం ఆగి, కూతురి గదిలోకి వెళ్ళి, ఆవిడ దిండు తీసుకొచ్చాడు.